కారు చక్రానికి అంచు

నేను మొత్తం ఏడు సినిమా సమీక్షలు రాశాను. ఆరింటి కింద నా పొడి అక్షరాలున్నాయి. ఏడోదాని కింద ముగ్గురు రైల్వే ఇన్‌స్పెక్టర్ల సంతకాలున్నాయి, కొలతలు వేసిన పటం ఒకటుంది, అసమ్మతి పత్రం ఒకటుంది. నా పేరు మాత్రం ఎక్కడా లేదు. దాన్ని కూడా నా లెక్కలోనే వేసుకుంటాను. ఎందుకంటే ఆ సినిమా నేను రెండు ఆదివారాలు చూడాల్సి వచ్చింది. ఏ తప్పూ చెయ్యని మనిషికి అది పెద్ద శిక్షే.

ఎనభైల చివర సంగతి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఉండేవాళ్లం. నేను బి.ఏ. రెండో ఏడు. మా ఆంధ్ర సంఘం వాళ్లు నెలకోసారి నాలుగు పేజీల పత్రిక తీసేవారు. పత్రిక అనడం మర్యాద కోసమే. మైనం పూసిన స్టెన్సిల్ కాగితం మీద ఇనుప కలంతో చేత్తో రాసి, సిరా రోలరు తిప్పి తీసిన కాపీలు అవి. మొదటి పేజీ కార్యవర్గ సమావేశం, రెండోది పెళ్లి సంబంధాలు, మూడోది ఎవరికి ఎక్కడికి బదిలీ అయిందో, నాలుగోది సినిమా సమీక్ష. ఆ నాలుగో పేజీ నాది. నా గొప్పతనం చూసి ఇచ్చింది కాదు. మా ఈడు పిల్లలందరికీ ఇంట్లో తెలుగు మాట్లాడ్డం వచ్చు గానీ, చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కుని, రెండో వాక్యానికల్లా హిందీలోకి దిగిపోయేవారు. ఒత్తులు సరిగ్గా రాసేదాన్ని నేనొక్కదాన్నే. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం. ఆ వృక్షం గర్వం కూడా నాకు బాగానే ఉండేది.

మా నాన్న వ్యాగన్ ఇన్‌స్పెక్టర్. గూడ్సు బండ్ల చక్రాలు, బ్రేకులు చూసి, పంపొచ్చో లేదో చెప్పే ఉద్యోగం. ఆఫీసు గుండుసూదిని కూడా గుమ్మం దాటి రానిచ్చేవాడు కాదు. ఒకసారి నా పరీక్ష ఫారానికి ఆయన సంచిలోని పిన్ను గుచ్చానని, దాన్ని పీకి జేబులో పెట్టుకుని, సైకిలేసుకుని వెళ్లి ఆఫీసు డబ్బాలో వేసి వచ్చాడు. ఎవరికీ తల వంచని మనిషి. పెద్ద అధికారి ఎదుటపడ్డా సైకిల్ దిగేవాడు కాదు. అలాంటివాడు ఒక్క మనిషిని చూస్తే మాత్రం దారి మార్చేసేవాడు. లాంప్ రూమ్ తాతని చూస్తే.

ఆ కథ ఇక్కడే చెప్పేస్తాను. అప్పటికి పదకొండేళ్ల కిందట, లైన్లో ఏదో చిన్న స్టేషన్ యార్డులో, బండిని ఒక లైన్లోంచి ఇంకో లైన్లోకి మారుస్తూ షంటింగ్ చేస్తుండగా రెండు బొగ్గు వ్యాగన్లు పట్టాలు దిగాయి. ఎవరికీ గీత కూడా పడలేదు. అయినా సరే, బండి దిగిందంటే బాధ్యుడొకడు ఉండి తీరాలి. ముగ్గురు ఇన్‌స్పెక్టర్లు అక్కడికక్కడే కూర్చుని ఒకే కాగితం రాస్తారు. బండ్లు నడిపించే ట్రాఫిక్ వాళ్ల తరఫున ఒకరు, పట్టాల తరఫున ఒకరు, వ్యాగన్ల తరఫున ఒకరు. రాసి ముగ్గురూ సంతకాలు పెడతారు. దాన్ని జాయింట్ నోట్ అంటారు. ఒప్పుకోనివాడు కింద విడిగా అసమ్మతి రాసుకోవచ్చు. ఆ రోజు ఎవరూ రాసుకోలేదు. పట్టాలు దారి మారే చోటుని పాయింటు అంటారు. ఆ పాయింటు సరిగ్గా బిగించలేదని పాయింట్స్‌మన్ మీదకి తోశారు. అతన్ని ఉద్యోగంలో ఒక మెట్టు దింపి, సిగ్నల్ దీపాలు తుడిచి కిరసనాయిలు పోసే లాంప్ రూమ్‌లో పడేశారు.

"మీ నాన్న సూసిందొకటి, సంతకం ఎట్టిందొకటి" అని మా అమ్మ ఒకే ఒకసారి, బియ్యం ఏరుతూ నాతో అంది. రైలు చక్రానికి లోపలివైపు చిన్న గట్టులాంటి అంచు ఉంటుంది. చక్రం పట్టా మీంచి జారిపోకుండా పట్టుకునేది అదే. ఆ వ్యాగన్ ముందు చక్రం అంచు అరిగి అరిగి కత్తిలా అయిపోయిందట. నాన్న గేజి పెట్టి కొలిచాడట. కొలిచింది కొలిచినట్టు రాస్తే, ఆ వ్యాగన్ని సరేనని పంపిన తన షెడ్డువాడి మెడకి చుట్టుకుంటుంది. మిగిలిన ఇద్దరూ అప్పటికే సంతకాలు పెట్టేసి పెన్ను చేతికిచ్చారు. నాన్న పుచ్చుకున్నాడు.

తర్వాత ఆ ఇద్దరూ బదిలీల మీద పోయారు. నాన్నకి, తాతకి మాత్రం ఒకే కాలనీ, ఒకే మార్కెట్. తాత ఎదురైనప్పుడల్లా "బాగున్నారా బాబూ" అనేవాడు. అంతకుమించి ఒక్క ముక్క అనేవాడు కాదు. తిట్టేవాడయితే నాన్న ఎదురు తిట్టేవాడే. బాగున్నారా అనేవాడికి ఏం చెప్పాలి? అందుకని లాంప్ రూమ్ ముందు నుంచి తిన్నగా వెళ్లే దారి వదిలేసి, సగం కాలనీ చుట్టి కూరగాయలకి వెళ్లేవాడు. ఆ ఏడు తాత రిటైరవడానికి ఇంకో నాలుగు నెలలుంది. ఆ నాలుగు నెలలూ దాటిపోతే ఇక ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. నాన్న రోజులు లెక్కపెట్టుకుంటున్నాడని నాకు తెలుసు. తాత కూడా లెక్కపెట్టుకుంటున్నాడేమోనని మాత్రం నేనెప్పుడూ అనుకోలేదు.

ఇక సినిమా. మాకు తెలుగు సినిమా క్యాసెట్లు విశాఖపట్నం నుంచి వచ్చేవి. తెలిసిన గార్డు ఎవరో తన ఇనుప పెట్టెలో, ఎర్ర జెండాకీ పచ్చ జెండాకీ మధ్య, ఎండు నెత్తళ్ల చేపల పొట్లం పక్కన పెట్టి తెచ్చేవాడు. అందుకని ఏ సినిమా క్యాసెట్టయినా కాసేపు నెత్తళ్ల వాసన వేసేది. భక్తి సినిమాలకి కూడా అదే వాసన. సదర్ బజార్‌లో వీసీఆర్ అద్దెకి తీసుకుని, రిక్షాలో ఒళ్లో పెట్టుకుని తేవాలి. ఆదివారం పొద్దున్న పది గంటలకి మా ముందుగదిలో ఆట మొదలు.

ఆసారి వచ్చింది నేర పరిశోధన సినిమా. కథ ఇది. ఒక జనపనార మిల్లు యజమాని కారు లెవెల్ క్రాసింగ్‌లో పట్టాల మీద ఆగిపోతుంది, రైలు గుద్దేస్తుంది. ఇంట్లో కూడా నల్ల కళ్లద్దాలు తియ్యని పోలీసు ఇన్‌స్పెక్టరొకడు రెండున్నర గంటలు అందర్నీ అనుమానించి, ఆఖర్న గేట్‌మన్ని పట్టుకుంటాడు. కూతురికి జరిగిన అన్యాయానికి పగబట్టి, రైలొచ్చే వేళకి కావాలనే గేటు తెరిచి ఉంచానని గేట్‌మన్ వానలో తడుస్తూ ఒప్పుకుని, అదే రైలు కింద పడతాడు. క్యాసెట్టు అసలు కాపీకి ఎన్నో తరం కాపీయో తెలియదు. మనుషుల ముఖాలు పచ్చగా, ఆకాశం గులాబీ రంగులో ఉన్నాయి. దానికితోడు తెర కింది భాగంలో ఒక చీరల కొట్టు ప్రకటన పట్టీ మొదలు నుంచి చివరిదాకా పరుగులు పెడుతూనే ఉంది. మిల్లు యజమాని చచ్చిపోయినప్పుడు కూడా దాని కింద పట్టుచీరలు ప్రత్యేకం అని వెళ్లింది.

గదిలో ముప్పై మంది ఉన్నారు. హత్య జరిగినప్పుడు ఒక్కరూ ఉలిక్కిపడలేదు. కానీ వెనకాల సిగ్నల్ కనిపించగానే గది గదంతా లేచింది.

"గేటు తీసున్నప్పుడు సిగ్నల్ ఎలగ పడ్డాదర్రా!"

గేటుకి తాళం పడితేనే సిగ్నల్ పడుతుంది, అంటే రైలుకి దారి ఇస్తుంది. గేటు తెరిచి ఉంటే సిగ్నల్ చచ్చినా పడదు. మా కాలనీలో పాలు తాగే పిల్లకీ తెలిసిన సంగతి. ఆ ఒక్క తప్పు దగ్గర వాళ్లకి సినిమా అయిపోయింది. చివర్లో హంతకుడెవరో తేలుతున్నప్పుడు సగం మంది వరండాలో నిలబడి సిగ్నల్ గురించి కొట్టుకుంటున్నారు. నేను మాత్రం చివరిదాకా చూసి, కుదురుగా కూర్చుని సమీక్ష రాశాను. కథనం బిగువుగా ఉందని, హంతకుడు గేట్‌మన్ అని ఊహించలేమని, ఛాయాగ్రహణం గురించి క్యాసెట్టు కాపీ చూసి చెప్పడం న్యాయం కాదని రాశాను. బాగానే రాశాననుకున్నాను.

పత్రిక సంపాదకుడు మా పక్క క్వార్టరు ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు. నేను ట్రాఫిక్ మావయ్య అనేదాన్ని. ఆయన నా కాగితం మూడుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"గేట్‌మనే చేసినాడని నువ్వెలగ రాసీసినావు?"

"సినిమాలో ఉంది కదా మావయ్యా. వాడే ఒప్పుకున్నాడు."

"ఒప్పుకున్నాడూ... ఎవరెదట? సాచ్చి సంతకాలేవి? వాన్లో నిలబడి సెప్పింది స్టేట్‌మెంటు కాదమ్మా. ఇందులో ఒక్క సంతకమే ఉన్నాది. సిగ్నల్ ఫెయిల్యూరున్న కేసు ఒక్క సంతకంతో ఎవడొప్పుకుంటాడు?"

"ఇది కేసు కాదు, సమీక్ష!"

"అచ్ఛా. మరయితే బాధ్యుణ్ణెందుకు తేల్చినావు?"

 దానికి నేను సరైన జవాబు చెప్పి ఉంటే ఈ కథే లేదు. ఆయన తమాషాకి అన్నాడని ఇప్పటికీ కొందరు అనుకుంటారు. ఆయనకి తమాషా తెలియదు. బండి ఢీకొట్టి మనిషి చచ్చిపోయాడు, బాధ్యుడి పేరు అచ్చులో వస్తోంది, కాబట్టి మూడు శాఖల సంతకాలు కావాలి. ఆయన లోకం అంత తిన్నగా ఉండేది. పై ఆదివారం మా ముందుగదిలోనే విచారణ అని చీటీ పంపాడు. ట్రాఫిక్ తరఫున తను. పట్టాల తరఫున వెనక వీధి పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టరు, మా పట్టాల బాబాయి. వాహనం తరఫున మా నాన్న.

"కారు మా శాఖ కాదు" అన్నాడు నాన్న.

"చక్రాలున్నాయి కదా బావగారూ" అన్నాడు మావయ్య.

ఆదివారం పది గంటలకి ముగ్గురూ ఇస్త్రీ బట్టల్లో వచ్చి కూర్చున్నారు. నాన్న లోపలి గదిలోంచి ముందుగదిలోకి రావడానికి కూడా చెప్పులేసుకున్నాడు. నా పని వీసీఆర్ ఆపడం, తిప్పడం. ఆపినప్పుడల్లా బొమ్మ మధ్య నుంచి తెల్లటి గీతలు అడ్డంగా పాకేవి. పట్టాల బాబాయి మొదట్లో వాటిని కూడా పటంలో వేశాడు. అయిదు నిమిషాలకి మించి ఆపితే మిషను తనంతట తనే టక్కున వదిలేసేది. మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకి. మిల్లు యజమాని ఆ పొద్దున ఇరవైసార్లు చచ్చిపోయాడు. పదో చావుకల్లా మా అమ్మ వంటింట్లోంచి "పోనీ పాపం, ఆడినైనా వదిలీండర్రా" అంది.

గేటు తాళం దగ్గరే పెద్ద చిక్కొచ్చింది. తాళం ఉండాల్సిన చోట సరిగ్గా చీరల కొట్టు పట్టీ ఉంది. బాబాయి నేల మీద బోర్లా పడుకుని, కింద నుంచి చూస్తే కనిపిస్తుందేమోనని టీవీలోకి తొంగి చూశాడు. కనిపించలేదు. పటంలో ఆ చోట "ప్రకటన వల్ల తనిఖీ సాధ్యపడలేదు" అని రాసి, పక్కన స్కేలు ప్రకారం గీసింది కాదని కూడా రాశాడు. ఇక గుద్దినప్పుడు డీజిల్ ఇంజను, దగ్గరగా చూపించినప్పుడు ఆవిరి ఇంజను. మావయ్య రెండు డ్రైవర్ల స్టేట్‌మెంట్లూ కావాలన్నాడు. వాళ్లు మద్రాసులో ఉంటారేమోనని నేనంటే, నోట్ చేసుకున్నాడు.

మధ్యాహ్నానికి బాధ్యుల జాబితా ఇలా తయారైంది. ముఖ్య బాధ్యుడు గేట్‌మన్. రెండో బాధ్యుడు, లైను దాటేటప్పుడు ఇరువైపులా చూడనందుకు, చచ్చిపోయిన మిల్లు యజమాని. ఇవిగాక అనుమతి లేకుండా పట్టాల మీద నడుస్తూ పాట పాడినందుకు కథానాయిక, ఆమెకి ఎదురుగా అదే పని చేసినందుకు నాయకుడు. నల్ల కళ్లద్దాల ఇన్‌స్పెక్టరుకి మందలింపు. అతనికి కంటి పరీక్ష జరిపించాలని కూడా రాశారు.

"సిగ్నల్ సంగతేటి? గేటు తీసుంటే పడదు కదా. మరి గేట్‌మన్ బాధ్యుడెలగవుతాడు?" అన్నాడు బాబాయి.

"సిగ్నల్ శాఖోడు ఇక్కడ లేడు కదయ్యా. లేనోడి మీద ఎలగ రాస్తాం?" అన్నాడు మావయ్య. "గేట్‌మన్ కూడా లేడనుకో. కానీ ఆడు సచ్చిపోనాడు."

ఆ మాటకి నాన్న కుర్చీలో కదిలాడు. నేను చూశాను.

అంతలో మావయ్యకి కొత్త చిక్కు తట్టింది. నిందితుడి స్టేట్‌మెంటు లేదు. అది లేకుండా నోట్ చెల్లదు. నిందితుడు సినిమాలో పోయాడు గనుక, అదే హోదా వాడెవరైనా అతని తరఫున చెప్పాలి. గేట్‌మన్‌దీ పాయింట్స్‌మన్‌దీ ఒకే హోదా, కాలనీలో ఉన్న తెలుగువాళ్లలో ఆ హోదాలో పనిచేసినవాడు ఒక్కడే.

"లాంప్ రూమ్ తాతకి కబురెట్టండి."

"అక్కర్లేదు" అన్నాడు నాన్న, గట్టిగా. "సినిమా కోసం ముసిలోణ్ణి ఎందుకు నడిపించడం?"

"రూలు బావగారూ. నేనేటి సేసేది?"

మావయ్య ఈ డివిజన్‌కి వచ్చి అయిదేళ్లే అయింది. పాత సంగతి ఆయనకీ తెలియదు, ఆ తర్వాత వచ్చిన బాబాయికీ తెలియదు. నాన్న తనే చెప్పి ఆపొచ్చు. చెప్పలేదు. నాన్న చెప్పకపోవడం అది రెండోసారి.

తాత వచ్చాడు. డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టున్నాడు, చేతులకి కిరసనాయిలు వాసన. గుమ్మం దగ్గర నిలబడి అలవాటు ప్రకారం "బాగున్నారా బాబూ" అన్నాడు. నాన్న తల ఊపాడు. తప్పించుకోవడానికి ఆ గదిలో చుట్టుదారి లేదు. ముగ్గురు ఇన్‌స్పెక్టర్లు వరసగా కూర్చుని ఉండడం, కాగితాలు, పెన్నులు చూసి తాత చొక్కా బొత్తాం పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. ఎవరూ కూర్చోమనలేదు. మా అమ్మ లోపల్నుంచి కుర్చీ ఈడ్చుకొచ్చి ధన్‌మని వేసింది.

"ఇది నా ఇల్లు. మీ ఆఫీసు కాదు. కూసో తాతా."

తాత కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. నేను టీవీలో గేటు దగ్గర బొమ్మ ఆపి ఉంచాను. మావయ్య ప్రశ్న వేశాడు. "ఘటన రోజు నువ్వేటి సేసినావో సెప్పు."

తాత టీవీ వంక ఒక్కసారి కూడా చూడలేదు.

"పాయింటు సెట్ సేసినాను బాబూ. క్లాంపు బిగించినాను. తాళం ఏసినాను. తాళం సెవి టేసన్ మాస్టరు బాబు సేతికిచ్చినాను. ఇచ్చిన తరవాతే బండి కదిలినాది."

"పాయింటు కాదు తాతా. గేటు. గేటు సంగతి సెప్పు."

"గేటైనా పాయింటైనా తాళమే కద బాబూ. నాను ఏసినాను. అప్పుడూ అదే సెప్పినాను. ఎవులూ రాయలేదు."

మావయ్య రాసుకున్నాడు. గేటుకి తాళం వేసినట్టు నిందితుడి తరఫు వాదన, అని. బాబాయి పట్టాల గురించి ఏదో అడిగాడు, తాత ఏదో చెప్పాడు. ఇక నాన్న వంతు. వాహనం గురించి అడగాలి. నాన్న పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. మిషను అయిదు నిమిషాల గడువు అయిపోయి టక్కున వదిలేసింది, రైలొచ్చి కారుని మళ్లీ గుద్దేసింది. అప్పుడు నాన్న, ఎవరో వెనక నుంచి తోసినట్టు అడిగాడు.

"చక్రం... చూసినావా?"

"సూసినాను బాబూ" అన్నాడు తాత, మెల్లగా. "బండి కింద సీకటిగా ఉన్నాదని మీరు గేజి ఎట్టినప్పుడు లాంతరు పట్టుకున్నాది నానే కదా."

 అంటే తాతకి మొదట్నుంచీ తెలుసు. గేజి చక్రం అంచు మీద ఎలా కూర్చుందో నాన్న చూసినప్పుడే అతనూ చూశాడు. పదకొండేళ్లూ చూసినవాడు చూసినవాణ్ణి "బాగున్నారా" అని అడిగాడు. అంతకంటే మంచి తిట్టు తెలుగులో నాకు దొరకలేదు.

"లాంతరా?" మావయ్య కళ్లద్దాలు సర్దుకున్నాడు. "క్యాసెట్టులో లాంతరెక్కడున్నాదయ్యా? పగటి పూట కదా గుద్దింది. అమ్మా, ఒకపాలి వెనక్కి తిప్పు." నేను తిప్పాను. లాంతరు లేదు. "లాంతరు కనబడలేదు" అని ఆయన రాసుకున్నాడు.

తాత వెళ్లిపోయాక నోట్ పూర్తయింది. ముఖ్య బాధ్యుడు గేట్‌మన్ అనే రాశారు. మావయ్య సంతకం పెట్టాడు. సిగ్నల్ గురించి గొణుక్కుంటూనే బాబాయి పెట్టాడు. పెన్ను నాన్నకిచ్చారు.

నాన్న పెన్ను పుచ్చుకుని, సంతకం పెట్టాల్సిన చోటు వదిలేసి, కింద గీత గీశాడు. గీత కింద రాయడం మొదలుపెట్టాడు. ఆయన అంతసేపు రాయడం నేనెప్పుడూ చూడలేదు. సంతకం చివర్న పెట్టాడు. బాబాయి కాగితం తీసుకుని చదివి, మళ్లీ చదివి, నాన్న ముఖంలోకి చూశాడు.

"కారు టైరుకి అంచేటన్నయ్యా?"

"ఉంది. అరిగిపోయి ఉంది."

"రబ్బరు టైరుకా?"

"నేను కొలిచాను."

"ఎక్కడ, టీవీలోనా?"

"కొలిచానన్నాను కదా" అని నాన్న లేచి పెరట్లోకి పోయాడు. ఆయనకి వారం రోజులుగా నిద్ర లేదని, రాత్రి డ్యూటీల వల్ల తల తిరిగి ఉంటుందని బాబాయి, మావయ్య గుసగుసలాడుకున్నారు. అయినా రూలు రూలే. అసమ్మతి ఎంత పిచ్చిదైనా నోట్‌తో పాటు వెళ్లాల్సిందే.

మర్నాడు సాయంత్రం దాన్ని స్టెన్సిల్ మీదకి ఎక్కించడానికి కూర్చున్నాను. నా సమీక్ష పోయిందని లోపల కుతకుతలాడుతూనే ఉన్నాను. మొదటి మూడు పేరాలు దించి, అసమ్మతి దగ్గరికి వచ్చాను. అందులో ఇలా ఉంది: "వాహనం ముందు ఎడమ చక్రం అంచు పరిమితికి మించి అరిగి ఉన్నది. గేజితో కొలిచినది నేనే. వాహనం పట్టాలు దిగడానికి కారణం అదే. ఈ సంగతి ఆ రోజే రాయవలసి ఉండగా నేను రాయలేదు. డ్యూటీలో ఉన్న పాయింట్స్‌మన్ తన పని సరిగ్గానే చేశాడు. అతను బాధ్యుడు కాడు."

స్టెన్సిల్‌లో తప్పు పడితే దిద్దడానికి గోళ్ల రంగులాంటి ఎర్ర ద్రవం ఉంటుంది. నా చెయ్యి అలవాటుగా ఆ సీసా మీదకి పోయింది.

"నాన్నా, గేట్‌మన్ కదా. పాయింట్స్‌మన్ అని పడింది. దిద్దనా?"

నాన్న పేపరు చదువుకుంటున్నాడు. పేపరు దించలేదు.

"ఉన్నదున్నట్టు రాయి."

"కారు పట్టాలు దిగడమేంటి? అందరూ నవ్వుతారు."

"నవ్వనీ."

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. సీసా మూత బిగించమని నాకు కళ్లతోనే చెప్పింది. బిగించాను. అప్పుడు నాకు నాన్న మీద కోపం పోయిందని చెబితే అబద్ధం. ఆ మనిషితో తిన్నగా ఒక్క మాట చెప్పలేక నా నాలుగో పేజీని అడ్డం పెట్టుకున్నాడని కోపం వచ్చింది. అయినా ఇనుప కలం పట్టుకుని, ప్రతి అక్షరం లోతుగా పడేట్టు, ఒక్క ఒత్తు జారకుండా రాశాను. నేను రాసిన వాటన్నిటిలోకీ శుభ్రంగా అచ్చయిన పేజీ అదే.

జనం నవ్వారు. మామూలు నవ్వు కాదు. పండిత సమీక్షలు ఆరు రాసినా ఒక్కరూ చదవని మా నాలుగో పేజీని ఆ నెల ఊరి అవతల రాజ్‌కిశోర్ నగర్‌లో ఉండే బ్యాంకు తెలుగువాళ్లు కూడా అడిగి పట్టికెళ్లారు. తెలుగు రానివాళ్లకి షెడ్డులో ఎవరో హిందీలో చెప్పారు. దాంతో నాన్న సైకిల్ కనబడితే చాలు, స్కూటర్లు ఆపి, "సాబ్, హమారే స్కూటర్ కా భీ అంచు నాప్ దీజియే" అని, దాని అంచు కూడా కొలిచిపెట్టమని బతిమాలేవారు. ఒకాయన తన కూతురు మూడు చక్రాల సైకిల్ని మా గుమ్మంలో పెట్టి తనిఖీ చెయ్యమన్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో చక్రం చూసి తప్పు చెప్పాడని పేరు లేని మనిషి. అన్నిటికీ తల వంచి పోయేవాడు. లాంప్ రూమ్ ముందు నుంచే పోయేవాడు. చుట్టుదారి మానేశాడు.

పత్రిక వచ్చిన పై ఆదివారం పొద్దున్న తాత మా ఇంటికొచ్చాడు. నాన్న వరండాలో గడ్డం గీసుకుంటున్నాడు. తాత ఆయన్ని పలకరించకుండా నా దగ్గరికి వచ్చాడు. చేతిలో మా పత్రిక, దానితో పాటు మడతలు చిరిగిన పాత కాగితం ఒకటి ఉన్నాయి.

"నాకు సదువు రాదమ్మా. ఇందులో ఏటున్నాదో ఒకపాలి సదివి సెప్పు."

చదివాను. "అతను బాధ్యుడు కాడు" దగ్గర మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను. వరండాలో గడ్డం గీస్తున్న చప్పుడు ఆగిపోయింది.

"ఇందులో నా పేరున్నాదా అమ్మా?"

"లేదు తాతా. ఇది సినిమా గురించి. డ్యూటీలో ఉన్న పాయింట్స్‌మన్ అని ఉంది, అంతే."

తాత పాత కాగితం విప్పి నా చేతికిచ్చాడు. ఇంగ్లీషులో టైపు కొట్టిన జాయింట్ నోట్ కాపీ. కింద మూడు సంతకాలు, మూడోది నాకు బాగా తెలిసినదే.

"మరిందులో ఉన్నాదా?"

మొత్తం వెతికాను. బాధ్యుడు, డ్యూటీలో ఉన్న పాయింట్స్‌మన్. అంతే ఉంది. పేరు లేదు. అదే చెప్పాను.

"మరింకేటి? దాన్లో ఉన్నోడే దీన్లోనూ ఉన్నాడు" అన్నాడు తాత. రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి అంచులు సరిచేశాడు. అప్పుడు వరండా వైపు తిరిగాడు. "బాబూ, ఆ కాయితానికి స్టాంపున్నాది. దీనికి లేదు. ఒక స్టాంపెయ్యండి."

నాన్న సగం ముఖానికి నురుగుతోనే లేచాడు. లోపలికి వెళ్లి ఆఫీసు సంచి తెచ్చాడు. గుండుసూది వెనక్కి ఇచ్చి వచ్చిన మనిషి, సంచిలోంచి తన హోదా చెక్కిన రబ్బరు స్టాంపు తీశాడు, సిరా డబ్బా తీశాడు. కాగితాన్ని వరండా గట్టు మీద పెట్టి, అసమ్మతి కింద, తన సంతకం మీద పడేట్టు నొక్కాడు.

"డేటు కూడా ఎయ్యండి బాబూ."

నాన్న పెన్ను తీసి డేటు వేశాడు. నేను వంగి చూశాను. ఆ ఆదివారానిది కాదు. పాత కాగితం మీద ఉన్న డేటే, పదకొండేళ్ల కిందటిది. తాతకి అంకెలు తెలుసు. రెండు డేట్లూ పక్కపక్కన పెట్టి చూసుకుని, సిరా ఆరేదాకా ఊదుకుంటూ అక్కడే నిలబడ్డాడు.